టార్చిలైటు గోడ మీద వేసే బొమ్మలు: ఏది సహజం, ఏది లోపం, ఏది ప్రమాదం?



వానాకాలం వచ్చిందంటే బయ్యారం, గార్ల, ఇల్లందు వైపు ఇళ్లలో టార్చిలైటుకు పని పెరుగుతుంది. గాలివానకు కరెంటు పోతుంది. పొలం దగ్గర మోటారు చూసి రావాలి. చీకటి పడ్డాక వాకిట్లోకి వెళ్లాలన్నా కాలి ముందు ఏముందో చూసుకోవాలి. ఒకప్పుడు ఇంటికి ఒక్క రేకు టార్చి ఉండేది. సెల్లులు అయిపోతే ఎండలో పెట్టి మళ్లీ వాడేవాళ్లం. ఇప్పుడు ఇంటికి రెండు మూడు ఎల్ఈడీ టార్చీలు ఉంటున్నాయి. వాటికి తోడు ప్రతి ఫోనులోనూ ఒకటి ఉంది.

టార్చి చేతికి దొరికితే పిల్లలు మొదట చేసే పని దాన్ని గోడ మీదకు వేసి చూడటం. వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి. "డాడీ, లైటు తెల్లగా ఉంది కదా, చుట్టూ పసుపు రింగు ఎందుకు?" "అమ్మా, మధ్యలో నల్ల మచ్చ ఉంది, పాడైపోయిందా?" "జూమ్ చేస్తే గుండ్రంగా కాకుండా చతురస్రంలా పడుతోందేంటి?" మనం పనిలో ఉండి "చవక సరుకు, అంతే" అని తేల్చేస్తాం. నిజానికి వందల రూపాయల టార్చిలోనూ, వేల రూపాయల టార్చిలోనూ ఈ వింతలు కనిపిస్తాయి. అవి చాలావరకు లోపాలు కావు, కాంతి శాస్త్రం చేసే పనులు. నిజంగా ప్రమాదం తెచ్చే లోపాలు మాత్రం గోడ మీద కనిపించవు. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

తెల్ల వెలుగు వెనుక నీలి చిప్పు

పాత టార్చి బల్బులో సన్నని తీగ వేడెక్కి వెలిగేది. ఎల్ఈడీలో తీగ ఉండదు. చిన్న అర్ధవాహక చిప్పు గుండా విద్యుత్తు వెళ్లినప్పుడు కాంతి పుడుతుంది. ఆ చిప్పు ఏ పదార్థంతో తయారైందో దాన్ని బట్టి రంగు ఉంటుంది. కంటికి కనిపించే ఎర్ర కాంతినిచ్చే ఎల్ఈడీని 1962లో అమెరికాలో నిక్ హొలొన్యాక్ తయారు చేశారు. ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ రావడానికి మాత్రం మరో 30 ఏళ్లు పట్టింది. దాన్ని సాధించినందుకే జపాన్‌కు చెందిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, జపాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన షూజీ నకమూరలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

నీలి కాంతికి అంత విలువ ఎందుకంటే, తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలి చిప్పే. దాని మీద పసుపు రంగు పొడి కలిపిన పూత ఉంటుంది. దాన్ని ఫాస్ఫర్ అంటారు. చిప్పు నుంచి వచ్చే నీలి కాంతిలో కొంత భాగాన్ని ఆ పూత పీల్చుకుని పసుపు కాంతిగా మార్చి వదులుతుంది. మిగిలిన నీలం నేరుగా బయటికి వస్తుంది. ఈ నీలం, పసుపు కలిస్తే మన కంటికి తెలుపుగా తోస్తుంది. టార్చి ఆర్పి ఉన్నప్పుడు దాని ఎల్ఈడీని గమనిస్తే పసుపు చుక్కలా కనిపిస్తుంది. అదే ఆ పూత. "తెల్లగా వెలిగే బల్బు పసుపుగా ఎందుకుంది?" అని మీ పిల్లలు అడిగితే సమాధానం ఇదే.

మధ్యలో నీలం, అంచున పసుపు

చిప్పు నుంచి నిటారుగా ముందుకు వచ్చే కిరణం పసుపు పూతలో తక్కువ దూరం ప్రయాణిస్తుంది. పక్కకు ఏటవాలుగా వచ్చే కిరణం అదే పూతలో ఎక్కువ దూరం ప్రయాణించాలి. దూరం పెరిగేకొద్దీ పసుపుగా మారే నీలం కూడా పెరుగుతుంది. అందుకే మధ్య భాగం కాస్త నీలిగా, అంచులు కాస్త పసుపుగా పడతాయి. పూత మందం ఒకేలా రావాలంటే తయారీలో ఎక్కువ శ్రద్ధ, ఎక్కువ ఖర్చు పెట్టాలి. కాబట్టి చవక టార్చిలో రింగు కొట్టొచ్చినట్టు ఉంటుంది, ఖరీదైన దానిలో లేతగా ఉంటుంది. వాడకానికి దీనివల్ల ఇబ్బంది లేదు.

జూమ్ టార్చిలో అంచున సన్నని రంగుల గీత కూడా కనిపించవచ్చు. ప్లాస్టిక్ కటకం వేర్వేరు రంగులను కొద్ది కొద్ది తేడాతో వంచుతుంది కాబట్టి అలా వస్తుంది. పట్టకంతో పిల్లలు చూసే రంగుల విడిపోవడం ఇదే, కాకపోతే చిన్న మోతాదులో.

చతురస్రంలా పడే వెలుగు

ముందు భాగాన్ని లాగితే వెలుగు సన్నబడే టార్చీలు ఇప్పుడు ప్రతి దుకాణంలో దొరుకుతున్నాయి. పూర్తిగా లాగి దూరంగా ఉన్న గోడ మీద వేస్తే, అంచులు తీరిన చతురస్రం పడుతుంది. కొన్నిటిలో దాని మీద సన్నని గీతలు కూడా కనిపిస్తాయి. ఇది లోపం కాదు. ముందున్న కుంభాకార కటకం ఎల్ఈడీ చిప్పు ప్రతిబింబాన్నే గోడ మీద పెద్దదిగా వేస్తోంది. చిప్పు చతురస్రంగా ఉంటుంది కాబట్టి బొమ్మా చతురస్రమే. గీతలు చిప్పు మీద విద్యుత్తును పంచే లోహపు దారులు.

భూతద్దంతో ఎండను కాగితం మీద చుక్కగా పట్టడం మనందరం చిన్నప్పుడు చేసిందే. అక్కడ పడే గుండ్రని చుక్క సూర్యుడి ప్రతిబింబం. ఇక్కడ పడే చతురస్రం చిప్పు ప్రతిబింబం. పదో తరగతిలో కటకాల పాఠం చదివే పిల్లలకు ఇంతకంటే సులువైన ఉదాహరణ ఇంట్లో దొరకదు.

మధ్యలో చీకటి మచ్చ

వెండి గిన్నెలా మెరిసే రిఫ్లెక్టర్ ఉన్న టార్చిని గోడకు జానెడు దూరంలో పెట్టి వేస్తే, మధ్యలో మసక మచ్చ, దాని చుట్టూ వెలుగు వలయం కనిపించవచ్చు. రిఫ్లెక్టర్ మధ్యలో ఎల్ఈడీ కోసం రంధ్రం ఉంటుంది. అక్కడ పరావర్తనం జరగదు. దగ్గరలో ఆ ఖాళీ తెలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న వెలుగు కలిసిపోయి మచ్చ మాయమవుతుంది.

అందుకని పరీక్ష చేసేటప్పుడు నాలుగైదు మీటర్ల దూరం నుంచి వేసి చూడండి. అంత దూరంలోనూ మచ్చ పోకపోతే ఎల్ఈడీ రిఫ్లెక్టర్ నాభి దగ్గర సరిగా కూర్చోలేదని అర్థం. కొత్త టార్చి అయితే తయారీ లోపం. నిన్నటి వరకు బాగుండి, కింద పడ్డాక మచ్చ వస్తే లోపల ఏదో కదిలింది. వెలుగు ఒక పక్కకు ఒరిగి పడుతున్నా కారణం ఇదే.

మరక టార్చిదా, గోడదా అన్న అనుమానం వస్తే టార్చిని చేతిలోనే గుండ్రంగా తిప్పండి. మరక కూడా తిరిగితే అది టార్చిలో ఉంది. కదలకుండా ఉంటే గోడ మీద ఉంది.

ఒక్క వేలికి తొమ్మిది నీడలు

చిన్న చిన్న బుడ్డి ఎల్ఈడీలు ఏడో, తొమ్మిదో ఉండే టార్చీలు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటి ముందు వేలు పెడితే నీడ ఒక్కటిగా పడదు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పడుతుంది. ప్రతి ఎల్ఈడీ తన నీడను తాను వేస్తుంది. పిల్లలతో నీడల అంచులు లెక్కపెట్టించండి. ఒకటో రెండో తగ్గితే అన్ని ఎల్ఈడీలు వెలగడం లేదన్నమాట. ఎల్ఈడీలను నేరుగా చూడకుండానే అవి పనిచేస్తున్నాయో లేదో తెలుసుకునే పద్ధతి ఇది.

పెన్సిల్ ఊపితే విడివిడిగా

వెలుగు తగ్గించే మోడ్ ఉన్న టార్చిని తక్కువలో పెట్టి, ఆ వెలుగులో పెన్సిల్‌ను వేగంగా ఊపి చూడండి. కొన్ని టార్చీల వెలుగులో పెన్సిల్ విడివిడిగా అనేకం ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోను కెమెరాలో చూస్తే అడ్డగీతలు కదులుతుంటాయి. వెలుగు తగ్గించడానికి ఆ టార్చి ఎల్ఈడీని సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తోంది. కంటికి అది నిలకడ వెలుగులాగే తోస్తుంది. ఇది తయారీ పద్ధతి, లోపం కాదు. అయితే ఆర్పి వెలిగించే వేగం తక్కువగా ఉండే టార్చి వెలుగులో ఎక్కువసేపు చదివితే కొందరికి కళ్లు అలసిపోతాయి, తల నొస్తుంది. కరెంటు పోయినప్పుడు హోంవర్క్ చేయడానికి అలాంటిది వద్దు.

పూర్తి వెలుగులో కూడా కంటికి తెలిసేలా మినుకు మినుకుమంటే మాత్రం విషయం వేరు. స్ప్రింగు తుప్పు పట్టడమో, స్విచ్ వదులవడమో, బ్యాటరీ అయిపోవడమో కారణం.

ఎర్ర మిర్చి ఎందుకు వెలవెలబోతుంది?

మన ప్రాంతంలో అందరికీ తెలిసిన ఉదాహరణ మిర్చి. కల్లంలో ఆరబోసిన ఎండు మిర్చి పగలు నిగనిగలాడుతుంది. రాత్రి కాపలాకు వెళ్లి ఎల్ఈడీ టార్చి వేస్తే అదే మిర్చి గోధుమ రంగుకు తిరిగినట్టు, వెలవెలబోతూ కనిపిస్తుంది. బయ్యారం గుట్టల దగ్గర దొరికే ఇనుప రాయి ఎరుపూ అంతే. పంటకు ఏమీ కాలేదు, రాయికీ ఏమీ కాలేదు. చవక తెల్ల ఎల్ఈడీ వెలుగులో నీలం, పసుపు ఎక్కువ, ఎరుపు చాలా తక్కువ. ఎర్ర వస్తువు ఎర్రగా కనిపించాలంటే దాని మీద పడే కాంతిలో ఎరుపు ఉండాలి. వెలుగులో లేని రంగును వస్తువు తిప్పి పంపలేదు.

కొన్ని టార్చీల డబ్బాల మీద సీఆర్ఐ అనే అంకె ఉంటుంది. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత అది. 100 అంటే సంపూర్ణం. 90 దాటితే చాలా మంచిది. సాధారణ టార్చీలు 70 చుట్టుపక్కల ఉంటాయి.

ఇంట్లో దీనికి ముఖ్యమైన ఉపయోగం ఉంది. పిల్లల ఒంటి మీద దద్దుర్లు ఎంత ఎర్రగా ఉన్నాయి, కళ్లు పచ్చబడ్డాయా, పెదాలు పాలిపోయాయా అన్నది రాత్రి టార్చి వెలుగులో తేల్చుకోవద్దు. కామెర్లు ఉన్నా లేనట్టు, లేకపోయినా ఉన్నట్టు అనిపించవచ్చు. అనుమానం ఉంటే పగటి వెలుగులో చూడండి. పిల్లలు నలతగా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరును సంప్రదించండి. రంగును బట్టి గుర్తుపట్టే మాత్రలను కూడా టార్చి వెలుగులో రంగు చూసి కాకుండా పేరు చదివే ఇవ్వండి.

ఇవి మాత్రం లోపాలే

పాత బల్బు టార్చిలో సెల్లు బలహీనపడితే వెలుగు ఎర్రబారేది, ఎందుకంటే తీగ వేడి తగ్గేది. ఎల్ఈడీ అలా కాదు. బ్యాటరీ తగ్గితే మసకబారుతుంది కానీ దాదాపు తెల్లగానే ఉంటుంది. కాబట్టి బ్యాటరీ నిండుగా ఉండగా రంగు మారితే ఎల్ఈడీ పాడవుతోందని అర్థం.

వెలుగు రోజురోజుకూ నీలంగానో, ఊదాగానో మారితే పసుపు పూత వేడికి దెబ్బతిన్నట్టు లేదా ఊడినట్టు. 2021 ప్రాంతంలో అమెరికాలో అనేక ఊళ్లలో తెల్ల ఎల్ఈడీ వీధి దీపాలు ఊదా రంగులోకి మారి జనం ఆశ్చర్యపోయారు. పూత విడిపోయి లోపలి నీలం బయటపడటమే దానికి కారణం. టార్చిలో కూడా జరిగేది అదే.

ఆర్పి చూసినప్పుడు పసుపు చుక్క మీద నల్ల మచ్చ ఉంటే ఎల్ఈడీ మాడింది. అద్దం లోపల ఆవిరి పట్టి, ఎండలో పెట్టినా పోకపోతే నీళ్లు చేరాయి. వానలో వాడే టార్చికి ఇది పెద్ద లోపం, ఎందుకంటే తేమ తర్వాత చేరేది బ్యాటరీ దగ్గరికి.

గోడ మీద కనిపించని ప్రమాదాలు

పైన చెప్పిన లోపాలతో పోయేది టార్చి మాత్రమే. ఇప్పుడు చెప్పే మూడింటిలో పిల్లలకే దెబ్బ తగులుతుంది.

మొదటిది ఛార్జింగ్. వెనుక నుంచి రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా ప్లగ్గులో పెట్టే టార్చీలు మనలో చాలామంది వాడతాం. చవక రకాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. లోపలి భాగాలు 230 వోల్టుల ఇంటి కరెంటుతో నేరుగా కలిసి ఉంటాయి. ప్లాస్టిక్ డొప్ప పగలనంత వరకే రక్షణ. పగుళ్లు వచ్చిన, అద్దం ఊడిన, టేపు చుట్టిన టార్చిని ఛార్జింగ్‌లో పెట్టి ముట్టుకుంటే షాక్ కొట్టవచ్చు. అలాంటి దాన్ని మళ్లీ ప్లగ్గులో పెట్టకండి. ఛార్జింగ్‌లో ఉండగా టార్చిని వెలిగించవద్దు, కొన్నిటిలో ఎల్ఈడీలు కాలిపోతాయి. ఛార్జింగ్ పెట్టడం, తీయడం పెద్దవాళ్ల పనిగా ఉంచండి. తడి చేత్తో అసలే వద్దు.

రెండోది బ్యాటరీ. లిథియం బ్యాటరీ ఉబ్బినా, ఛార్జింగ్‌లో చేయి పెట్టలేనంత వేడెక్కినా, తియ్యటి రసాయన వాసన వచ్చినా వెంటనే వాడకం ఆపండి. దాన్ని పొడవకండి, నొక్కకండి, మంటలో వేయకండి. రాత్రి అందరూ పడుకున్నాక పరుపు మీద, దిండు పక్కన ఛార్జింగ్ పెట్టకండి. పాత రకం లెడ్ బ్యాటరీ టార్చిని నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీ పనికి రాకుండా పోతుంది, కొన్నిసార్లు ఆమ్లం కారుతుంది. పాడైన బ్యాటరీని చెత్తలో వేయకుండా అమ్మిన దుకాణానికో, సేకరించే చోటికో ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది.

మూడోది కన్ను. ఎల్ఈడీ చాలా చిన్న చోటు నుంచి చాలా ఎక్కువ కాంతిని ఇస్తుంది. పెద్దవాళ్లు రెప్ప వాల్చి తల తిప్పుకుంటారు. పసిపిల్లలు ఆసక్తిగా చూస్తూనే ఉంటారు. ఆడించడానికి ఫోను లైటును పసివాళ్ల కళ్లలోకి వేయకండి. పిల్లలు ఒకరి ముఖం మీద ఒకరు వేసుకునే ఆటను ఆపించండి. పొరపాటున చూస్తే కళ్ల ముందు మచ్చ కాసేపు కనిపించి పోతుంది. పోకపోతే కంటి డాక్టరుకు చూపించాలి. తిరునాళ్లలో, బొమ్మల దుకాణాల్లో టార్చితో పాటు లేజర్ లైటు కలిపి అమ్ముతుంటారు. లేజర్ కిరణం దూరం వెళ్లినా అంతగా విడిపోదు, రెటీనాను శాశ్వతంగా దెబ్బతీయగలదు. అలాంటి బొమ్మ ఇంటికి తేవద్దు.

ఎవరికి ఏ టార్చి?

ఎక్కువ దూరం కొట్టే టార్చే మంచిదని అనుకుంటాం. నడవడానికి అది సరైనది కాదు. పూర్తిగా జూమ్ చేసిన టార్చి దూరాన చతురస్రం వేస్తుంది కానీ పాదాల దగ్గర చీకటిగానే వదిలేస్తుంది. కట్లపాము రాత్రిపూట తిరిగేది, అది ఉండేదీ మన కాళ్ల దగ్గరే. పొలం గట్టు మీద నడిచేవాళ్లకు, బయటికి వెళ్లే తాతయ్యకు, నానమ్మకు చుట్టూ వెడల్పుగా వెలుగు పరిచే టార్చి ఇవ్వండి. జూమ్ టార్చే ఉంటే ముందు భాగాన్ని లోపలికి నెట్టి వాడమని చెప్పండి. దూరంగా చెట్టు కిందో, చెరువు కట్ట మీదో ఏముందో చూడటానికి మాత్రం జూమ్ పనికొస్తుంది.

కొనేటప్పుడు దుకాణంలోనే నాలుగైదు మీటర్ల దూరం గోడ మీద వేసి చూడండి. వీలైతే విడిగా కేబుల్‌తో ఛార్జ్ అయ్యేది తీసుకోండి. ఛార్జర్ల మీద, బ్యాటరీల మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి.

ఇంట్లో పది నిమిషాల ప్రయోగం

ఈ నెల ఒక సాయంత్రం గదిలో లైట్లు ఆర్పి పిల్లలతో కలిసి ఇవి చేసి చూడండి.

1. ఇంట్లో ఉన్న టార్చీలన్నీ, ఒక ఫోను తెచ్చి, ఒక్కొక్కటి తెల్ల గోడ మీద జానెడు దూరం నుంచి, తర్వాత నాలుగు మీటర్ల నుంచి వేయండి. కనిపించిన ఆకారాన్ని పిల్లలు నోటుపుస్తకంలో గీయాలి.

2. జూమ్ టార్చి ఉంటే చతురస్రం వచ్చేదాకా లాగండి. గోడకు దూరం రెట్టింపు చేస్తే చతురస్రం ఎంత పెరిగిందో స్కేలుతో కొలవాలి.

3. వేలి నీడల అంచులు లెక్కపెట్టాలి.

4. ఒక ఎండు మిర్చి, ఒక టమాటా, ఒక నీలి పెన్ను మూత తీసుకుని ప్రతి టార్చి కింద పెట్టి చూడాలి. మర్నాడు అవే వస్తువులను ఎండలో చూసి ఏ టార్చి వెలుగు ఎండకు దగ్గరగా ఉందో రాయాలి.

5. చివరగా పెద్దవాళ్లు ప్రతి టార్చి డొప్ప, పిన్నులు, బ్యాటరీ పరీక్షించాలి. పగిలిందీ ఉబ్బిందీ ఉంటే పక్కన పెట్టేయాలి.

ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలు తాము గీసిన బొమ్మలను, కొలతలను సైన్స్ టీచరుకు చూపించవచ్చు. తరగతిలో పరావర్తనం, వక్రీభవనం, రంగుల పాఠాలు చెప్పేటప్పుడు అవే ఉదాహరణలవుతాయి. ఐదో ప్రయోగం ఫలితం మాత్రం స్కూలుకు పంపనక్కర్లేదు. పగిలిన టార్చి ఒక్కటి ఇంట్లో నుంచి బయటికి పోయినా ఈ పది నిమిషాలకు ఫలితం దక్కినట్టే.